ఫత్వా అడిగే ముందు ప్రశ్న ఎలా రాయాలి

ఆస్తి గొడవో, తలాక్ విషయమో వచ్చినప్పుడు "ఫత్వా (మతపరమైన ప్రశ్నకు ముఫ్తీ, అంటే ఇస్లామీ ధర్మశాస్త్ర పండితుడు, ఇచ్చే జవాబు) తెచ్చాం" అని ఒక కాగితం తెచ్చి అందరి ముందూ పెట్టేస్తారు, ఇక ఎవరూ నోరెత్తకూడదన్నట్టు. టెన్షన్ పడకండి, ముందు ఆ కాగితం పైభాగం చదవండి. అక్కడ ఉండేది ప్రశ్న, దాన్ని ఇస్తిఫ్తా అంటారు. కింద ముఫ్తీ గారి జవాబు చాలాసార్లు "బషర్తె సిహ్హతె సవాల్" అని మొదలవుతుంది. అంటే, అడిగింది నిజమైతేనే ఈ జవాబు. ముఫ్తీ సాక్షుల్ని పిలిచి విచారణ చేయరు, మనం రాసిచ్చిన దాన్ని బట్టే చెబుతారు.

మా తాతయ్య పోయాక మా మామయ్య "నాన్న ఇల్లు నాకు ఇచ్చేశారు, అది నాదేనా" అని రాసి అడిగాడు. ఇచ్చేస్తే నీదే అని జవాబొచ్చింది. ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారని, తాతయ్య "ఇస్తాను" అని నోటిమాటగా అన్నారే తప్ప చివరిదాకా ఆ ఇంట్లో ఆయనే యజమానిగా ఉన్నారని రాయలేదు. హనఫీ (సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) పద్ధతిలో హిబా, అంటే బతికుండగా ఇచ్చే కానుక, స్వాధీనం చేస్తేగాని పూర్తవదు. మా అమ్మ, పిన్ని కలిసి అన్నీ రాసి మళ్లీ అడిగితే జవాబు పూర్తిగా మారిపోయింది.

కాబట్టి వారసత్వం అడిగేటప్పుడు బతికున్న వాళ్లందరినీ రాయండి. భార్య, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్లు, ఒక్కరినీ వదలొద్దు. అప్పులు, భార్యకు బాకీ ఉన్న మహర్ (పెళ్లిలో భర్త ఆమెకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) కూడా రాయాలి, ఎందుకంటే అవి తీరాకే పంపకం. వీలునామా మూడో వంతు దాటకూడదు. మా ఇంట్లో లెక్క ఇదీ: ఆస్తి 32 లక్షలనుకుంటే అమ్మమ్మకు ఎనిమిదో వంతు 4 లక్షలు, మామయ్యకు 14, అమ్మకూ పిన్నికీ చెరో 7. అసలు పేర్లు రాయడం ఇష్టం లేకపోతే జైద్, హిందా అని రాయొచ్చు, అది పాత పద్ధతే.

ఉర్దూ రాయడం రాని మన తెలుగు కుటుంబాలు ముందు తెలుగులోనే రాసుకుని, తర్జుమా చేసినవాళ్ల చేత దాన్ని మళ్లీ తెలుగులో చెప్పించుకోవాలి. ఫత్వా అడగడానికి హైదరాబాద్‌లో జామియా నిజామియా మదరసా ఉంది, దేవ్‌బంద్ మదరసాలోని ఫత్వా విభాగం దారుల్ ఇఫ్తాకు ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు.

పక్కింటివాళ్ల కాపురం గురించి మాత్రం మీరు అడగకండి. ముజఫర్‌నగర్ జిల్లాలో అన్యాయం జరిగిన ఒక మహిళ విషయంలో ఫత్వా అడిగింది ఆమె కాదు, ఒక విలేకరి. ఆ తర్వాత వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, ఫత్వాకు చట్టబద్ధత లేదు, దాన్ని ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదు అని. ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడం 2019 చట్టం ప్రకారం నేరం, ఎవరు ఏ కాగితం చూపించినా సరే.

జవాబు మరీ కష్టంగా ఉంటే పరిస్థితి వివరంగా రాసి మళ్లీ అడగండి, అందులో తప్పేమీ లేదు. భర్త జాడ లేని ఆడవాళ్లకు హనఫీ పద్ధతిలో దారి దొరకనప్పుడు హనఫీ పండితుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ అనే మరో సంప్రదాయపు పండితులను అడిగి దారి చూపించారు. అది 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టానికి ఊతమైంది, దాని ప్రకారం భర్త 4 ఏళ్లు కనబడకపోయినా, 2 ఏళ్లు పోషించకపోయినా భార్య కోర్టుకు వెళ్లొచ్చు.

ఫత్వా చేతికొచ్చాక తేదీ, ముద్ర చూసుకుని ప్రశ్నతో సహా జిరాక్స్ తీయించండి. ఎవరైనా జవాబు ఒక్కటే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే, ప్రశ్న కూడా పెట్టమని అడగండి.