స్టీల్ స్పూన్‌తో ఐస్‌క్రీమ్ తింటే జివ్వుమనడం: నాకు పనిచేసింది ఇదీ

స్పూన్ అంచు పంటికి తగిలితే చాలు, ఒళ్ళంతా జివ్వుమనేది, ఐస్‌క్రీమ్ మీద ఇష్టం కూడా పోయేది. చిన్న స్పూన్, ప్లాస్టిక్ స్పూన్, పళ్ళకి తగలకుండా పెదాలతో లాక్కోవడం, అన్నీ చూశాను, లాభం లేదు.

చివరికి ఇలా చేశాను. ముందు డబ్బాని ఫ్రీజర్‌లోంచి తీసి (లోపల మైనస్ 18 డిగ్రీల దాకా ఉంటుంది కదా) ఓ 10 నిమిషాలు బయట పెట్టాను, అంచుల దగ్గర మెత్తబడి స్పూన్ సులువుగా దిగేదాకా. ఆ తర్వాత కప్పులోకి తీసుకుని చెక్క స్పూన్‌తో తిన్నాను. స్టీల్ నోట్లో వేడిని ఠక్కున లాగేస్తుంది, చెక్క అలా లాగదు, అందుకే ఐస్‌క్రీమ్ చల్లదనం ఒక్కటే తెలుస్తుంది. చెక్క గరుకుగా ఉంటే అదీ నాకు పడదు, అందుకని వేలితో అంచు తడిమి నున్నగా ఉన్నదే ఏరుకుని, నీళ్ళలో ఒకసారి ముంచి వాడతాను.

నాది స్పర్శతో వచ్చే ఇబ్బందే, పళ్ళు బాగానే ఉన్నాయి. చల్లటిది ఏది తగిలినా పన్ను లాగేవాళ్ళకి ఇది సరిపోకపోవచ్చు, ముందు డెంటిస్ట్‌కి చూపించుకోండి.