గవర్నర్ లేకుండా హెలికాప్టర్: చేతి థ్రాటిల్ సాధన ఎలా చేయాలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి హెలికాప్టర్ పైలట్ శిక్షణకు వెళ్లే యువతీయువకులు సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) ముందే గట్టిగా పట్టు సాధించవలసిన విద్య చేతి థ్రాటిల్ నియంత్రణ, అంటే ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే గ్రిప్‌ను చేత్తోనే సర్దడం. రాబిన్సన్ ఆర్44 వంటి పిస్టన్ హెలికాప్టర్లలో గవర్నర్ అనే పరికరం థ్రాటిల్‌ను తానే సర్దుతూ ఆర్‌పీఎంను (ఇంజిన్, పైన రెక్కలు తిప్పే రోటర్ తిరిగే వేగాన్ని) గేజ్ మీద 102 శాతం దగ్గర నిలుపుతుంది. దానికే అలవాటుపడిన చెయ్యి అది పనిచేయని రోజున తడబడుతుంది.

సాధన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. బైక్‌లో కుడిచేత్తో గ్రిప్‌ను మన వైపు తిప్పితే ఇంజిన్ వేగం పెరుగుతుంది. హెలికాప్టర్‌లో ఎడమచేత్తో గ్రిప్‌ను అవతలికి తిప్పితే పెరుగుతుంది. ఘాట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి బైక్ నడిపిన చెయ్యి కంగారులో పాత అలవాటుకే పోతుంది కాబట్టి, కుర్చీలో కూర్చుని ఎడమ తొడ పక్కన చపాతీ కర్రను కలెక్టివ్‌లా (రోటర్ రెక్కల కోణాన్ని మార్చి హెలికాప్టర్‌ను పైకెత్తే, దించే లివర్; థ్రాటిల్ గ్రిప్ దీని చివరే ఉంటుంది) పట్టుకుని, "థ్రాటిల్ పెంచు, కలెక్టివ్ దించు" అని పైకి అంటూ రెండు కదలికలనూ ఒకేసారి చేయండి.

గాలిలో ఈ సాధన ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉన్నప్పుడే, తగినంత ఎత్తులో, నిలకడైన లెవెల్ ఫ్లైట్‌లో మొదలు కావాలి. ముందుగా చెప్పుకుని గవర్నర్ స్విచ్ ఆఫ్ చేశాక, కలెక్టివ్ ఎత్తబోయే ముందు థ్రాటిల్‌ను రవ్వంత పెంచి, దించబోయే ముందు రవ్వంత తగ్గించండి. ఆర్‌పీఎం సూది కదిలిన తరువాత సరిదిద్దేవారు ఎప్పుడూ దాని వెనకే పరుగెత్తుతారు. ఇంజిన్ శబ్దంలో మార్పును ముందుగా పట్టే చెవి ఉంటే ఆ అవస్థ ఉండదు. వేళ్లు వదులుగా ఉండాలన్నది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే గ్రిప్‌ను బిగించి పట్టుకుంటే గవర్నర్ ఆన్‌లో ఉన్నా దాని పని ఆగిపోతుంది. లెవెల్ ఫ్లైట్ కుదిరాక అప్రోచ్ (దిగడానికి సమీపించడం), ఆ తరువాతే హోవర్ (గాలిలో ఒకేచోట నిలవడం).

ఆర్‌పీఎం 97 శాతానికి పడగానే హారన్ మోగుతుంది. వెంటనే థ్రాటిల్ పెంచుతూ కలెక్టివ్ దించాలి; ముందుకు ఎగురుతున్నప్పుడు సైక్లిక్‌ను (హెలికాప్టర్‌ను ముందుకు, వెనక్కి, పక్కలకు వంచే కర్రను) కొంచెం వెనక్కి తీసుకోవాలి. నేల దగ్గరపడుతున్నప్పుడు కలెక్టివ్ దించడానికి మనసు ఒప్పుకోదు, కానీ పైకి లాగితే రోటర్ ఇంకా మందగిస్తుంది. 80 శాతానికి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక శాతం చొప్పున కలిపితే వచ్చే అంకె కన్నా కిందికి పడితే రోటర్ స్టాల్ కావచ్చు, అంటే రెక్కలు హెలికాప్టర్‌ను మోసే బలం కోల్పోవచ్చు. దాని నుంచి కోలుకోవడం ఉండదు.

మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోండి. సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తున్న రేణిగుంటలో 42 డిగ్రీల వేడి ఉంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి హెలికాప్టర్‌కు అనిపించే ఎత్తు) దాదాపు 3,700 అడుగులకు చేరుతుంది. పలచబడిన గాలిలో ఇంజిన్ శక్తి తగ్గి, కలెక్టివ్ ఎత్తితే థ్రాటిల్‌ను కొంత తానే తెరిచే అనుసంధానం అంత కచ్చితంగా పనిచేయదు కనుక, తొలి పాఠాలను తెల్లవారుజామున పెట్టుకుని కలెక్టివ్‌ను నిదానంగా కదిలించండి.

ఇంజిన్ ఆగిపోయిన సందర్భం దీనికి భిన్నం. ముక్కు ఎడమకు తిరిగి, శబ్దం మారి, ఇంజిన్ ఆర్‌పీఎం సూది పడిపోతే థ్రాటిల్‌తో కుస్తీ పట్టకుండా వెంటనే కలెక్టివ్ పూర్తిగా దించి ఆటోరొటేషన్‌లోకి (ఇంజిన్ లేకుండా కిందికి దిగుతున్న గాలి వల్లే రోటర్ తిరిగే స్థితిలోకి) వెళ్లాలి. దీని సాధనలో ఇన్‌స్ట్రక్టర్ చెప్పకుండా హఠాత్తుగా థ్రాటిల్ మూయడం ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి ఎప్పుడు, ఏ ఎత్తులో మూస్తారో, ఏ ఎత్తులో తిరిగి పవర్ ఇస్తారో, ఎవరి చేతులు నియంత్రణల మీద ఉంటాయో బయల్దేరే ముందే ఇద్దరూ మాట్లాడుకోండి.