కోపం వచ్చిన పూట తీర్పు చెప్పవలసి వస్తే

అనంతపురం జిల్లా పల్లెల్లో ఉద్యోగం చేసి విరమించినవారికి ఒక అదనపు పని తప్పదు. గెనిమ (పొలం గట్టు) జరిపారని అన్నదమ్ములు తగువుపడినా, బోరు నీళ్ల వంతు తప్పినా, "సారూ, ఒకసారి వచ్చి కూర్చోండి" అని కబురు వస్తుంది. అలా కూర్చున్నప్పుడు చట్టం తెలియకపోవడం కంటే, మన లోపలి కోపం, అసహ్యం, సిగ్గు మనచేత ఏం పలికిస్తున్నాయో తెలియకపోవడమే ఎక్కువ చెరుపు చేస్తుందని నాకు పదేపదే అనుభవమైంది. ఆ భావాలను అణచుకొని మాట్లాడమని పెద్దలు అంటారు. అది జరిగే పనీ కాదు, జరిగితే మంచిదీ కాదు. ఏ భావాన్ని ఏ ప్రశ్న అడగాలో తెలిస్తే చాలు.

మంచిది కాదని ఎందుకంటున్నానో ముందు చెప్పాలి. మెదడులో నుదుటికి వెనుక, కింది భాగాన దెబ్బతిన్న ఆరుగురిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. వారి తెలివితేటలు తగ్గలేదు, లోకనీతి వారికి తెలుసు; తగ్గినవి జాలి, సిగ్గు, అపరాధభావం. పలువురి ప్రాణాలు దక్కాలంటే ఒకరిని చేజేతులా చంపవచ్చునా వంటి చిక్కు ప్రశ్నలకు వారు మామూలు మనుషుల కంటే ఎక్కువగా చంపవచ్చుననే జవాబిచ్చారు. లెక్క ప్రకారం అది తప్పని అనలేం. అయినా మా ఊరి తగువును అలాంటి మనసు చేతిలో పెట్టడానికి నేను ఒప్పుకోను.

కోపం రాగానే అది ఎవరి మీద వచ్చిందని కాక, ఎప్పటిదని అడగండి. నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక ఉదయం చెనిక్కాయల మూటలు అమ్మడానికి వెళ్తే, కాటా వేసినవాడు నా కళ్లెదుటే తూకంలో మోసం చేశాడు. అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఏమీ చేయలేక తిరిగి వచ్చాను. మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఆలస్యంగా వచ్చి, నీళ్ల ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడ్డానని చెప్పాడు. అబద్ధమని తేల్చి, సాయంత్రం వరకు ఎండలో నిలబెట్టాను. వాడి చొక్కా ముందుభాగం బిందె మోసిన తడితో ఇంకా ఆరలేదని అప్పుడే చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు. కాటా దగ్గర చెల్లని కోపం వాడి మీద చెల్లింది.

ఇది నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1999లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఒక కుర్రవాణ్ణి కొట్టే దృశ్యం చూపి, కొట్టినవాడు శిక్ష తప్పించుకున్నాడని కొందరికి, శిక్ష పడిందని కొందరికి చెప్పారు. తప్పించుకున్నాడని విన్నవారిలో ఎంత కోపం ఉంటే, దానితో సంబంధం లేని వేరే తప్పులకు కూడా అంత కఠినమైన శిక్ష కోరారు. శిక్ష పడిందని విన్నవారిలో కోపం ఉన్నా అది ఇతరుల మీదికి పాకలేదు. అందువల్ల పంచాయితీకి బయలుదేరే ముందు, ఆ రోజు మిమ్మల్ని ఎవరు నొప్పించారో, వారిని మీరు ఏమీ చేయలేకపోయారేమో ఒక కాగితం మీద రాసుకోండి. అలాంటి బాకీ ఏదైనా ఉంటే సాక్ష్యాలు మాత్రం విని, జరిమానా అంకెను మరుసటి రోజుకు వాయిదా వేయండి. రాత్రి గడిచినా తగ్గని కోపం, ముసలితల్లి చేత వేలిముద్ర వేయించుకొని పొలం రాయించుకున్న కొడుకును చూస్తే కలిగే కోపం వంటిది, వదులుకోవలసింది కాదు. అన్యాయాన్ని ముందుగా పసిగట్టేది అదే.

అసహ్యానికి ప్రశ్న వేరు: ఇందులో ఎవరికి ఏ నష్టం జరిగింది? దుర్వాసన మధ్యో, మురికి బల్ల ముందో కూర్చున్నవారు ఇతరుల తప్పులను కాస్త ఎక్కువ కఠినంగా తూచారని 2008లో ఒక పరిశోధన చెప్పింది. అలాంటి ప్రయోగాలను కలిపి 2015లో లెక్కవేస్తే ఆ ప్రభావం చాలా స్వల్పమని, అచ్చుకాని ఫలితాలను కూడా ఊహించి సవరిస్తే దాదాపు ఏమీ మిగలదని తేలింది. కాబట్టి ముక్కుకు తగిలే వాసన గురించి నాకు పెద్దగా భయం లేదు. చిన్నప్పటినుంచి నేర్పిన అసహ్యం గురించే భయం. టీ అంగడిలో కొందరి గ్లాసును విడిగా చూరులో దోపే పద్ధతిని నేను చిన్ననాడు చూశాను. ఎందుకని అడిగితే, "అది అంతే నాయనా" అన్నదే జవాబు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంతో రద్దు చేసినా, రాజ్యాంగం 1950లో అమలులోకి వచ్చినా, ఆ చూరులో గ్లాసు ఆ తర్వాత కూడా ఉండింది. కులాంతర వివాహం చేసుకున్న జంట మీద పంచాయితీ పెట్టినప్పుడు, కారణాలన్నీ అయిపోయి "తప్పంటే తప్పే" అన్న మాట ఒక్కటే మిగిలితే, అక్కడ మాట్లాడుతున్నది న్యాయం కాదని గుర్తుపట్టి లేచి రండి.

భయం గురించి రెండు మాటలు. ముఠాకక్షలు చూసిన మన సీమలో సాక్షి నోరు విప్పకపోతే అతడిని అబద్ధాలకోరు అనుకోకండి. ఒంటరిగా, అతని ఇంట్లో అడగండి.

చివరిది, తప్పు చేసినవారిలో మనం కలిగించే భావం. అపరాధభావం "ఈ పని చెడ్డది" అంటుంది, సిగ్గు "నేనే చెడ్డవాణ్ణి" అంటుంది. మొదటిది నష్టాన్ని సరిచేయడానికి, రెండవది ముఖం దాచుకోవడానికి లేదా ఎదురుతిరగడానికి తోస్తుందని మనస్తత్వవేత్తలు గమనించారు. మన పంచాయితీల్లో కాళ్లు పట్టించడం, తుండుగుడ్డ తీయించి నలుగురిలో నిలబెట్టడం రెండవదాన్నే పెంచుతాయి. మేకలు పడి చెనిక్కాయ పైరు పోయిన తగువులో ఒకసారి నేను క్షమాపణ చెప్పించకుండా, ఇద్దరినీ చేనుకు తీసుకెళ్లి, మేసిన సాళ్లను మేకల యజమాని చేతనే లెక్కపెట్టించాను. పదకొండు సాళ్లు తేలాయి. ఎన్ని శేర్లు పోయి ఉంటాయో అతనే చెప్పాడు, చేను గలాయన కూడా ఆ మాటే ఒప్పుకున్నాడు. మరుసటి పంటకు విత్తనాలు పడే ముందు మేకల యజమానే కంప కొట్టుకొచ్చి ఆ గెనిమ పొడుగునా వేశాడు.