నోటిలెక్కతో ఖర్చుల అంచనా – 3వ పాఠం: ఎంత సవరించాలి, ఎటు సవరించాలి

మొదటి పాఠంలో సంఖ్యలను సమీప పదులకు, సమీప వందలకు సవరించడం నేర్చుకున్నాము. రెండవ పాఠంలో, సవరించిన సంఖ్యలను ఎడమవైపు నుంచి, అంటే వందలు ముందుగా, పదులు ఆ తర్వాత కూడుకుంటూ పోయే పద్ధతిని సాధన చేశాము. ఆ పాఠం చివర రూ.347, రూ.268, రూ.92, రూ.415 చొప్పున ఉన్న నాలుగు బిల్లుల మొత్తాన్ని అంచనా వేయమని అడిగాము. సమీప వందలకు సవరించినవారికి 300, 300, 100, 400 కలిసి 1,100 వచ్చి ఉండాలి. సమీప పదులకు సవరించినవారికి 350, 270, 90, 420 కలిసి 1,130 వచ్చి ఉండాలి. అసలు మొత్తం 1,122. రెండు జవాబులూ సరైనవే. వాటిలో ఏది మేలు అన్నది ఆ అంచనాతో మీరు చేయబోయే పనిని బట్టి ఉంటుంది. ఈ పాఠంలో ఆ విషయాన్నే వివరంగా చూద్దాం.

ముందు ప్రశ్న, తర్వాత సవరణ

అంచనా అంటే కాకిలెక్క కాదు. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తెలుసుకుని, ఆ జవాబుకు అవసరమైనంత దగ్గరగా లెక్కించడమే అంచనా. కొట్టుకు వెళ్లేముందు "నా దగ్గరున్న డబ్బు సరిపోతుందా?" అని అడిగేవారు ధరలన్నిటినీ పైకే సవరించాలి, అలా సవరించినా మొత్తం చేతిలోని డబ్బుకు లోపలే ఉంటే, ఇక నిశ్చింతగా కొనవచ్చు. పాలకేంద్రానికి పాలు పోసే రైతు "ఈ పక్షానికి కనీసం ఎంత చేతికి వస్తుంది?" అని లెక్క వేసుకునేటప్పుడు అందుకు విరుద్ధంగా కిందికి సవరించాలి, ఎందుకంటే రాబడిని ఎక్కువగా ఊహించుకుని ఆ మేరకు ఖర్చు పెట్టుకుంటే తర్వాత చిక్కు వస్తుంది. ఇచ్చిన బిల్లు సరిగా ఉందో లేదో చూసుకునేటప్పుడు మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్న సమీప సవరణే తగినది. బడిలో పిల్లలకు సాధారణంగా ఈ మూడో పద్ధతి ఒక్కటే నేర్పి ఊరుకుంటాము. అది చాలదని నా గట్టి అభిప్రాయం.

కూరగాయల చీటీతో పూర్తి సాధన

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో ఆనాటి ధరలను బోర్డు మీద రాసి ఉంచుతారు. నోటిలెక్క నేర్చుకునేవారికి అంతకన్నా మంచి పలక దొరకదు. ఒకరోజు బోర్డు మీద కిలో ధరలు ఇలా ఉన్నాయనుకుందాం: టమాటా రూ.28, వంకాయలు రూ.36, బెండకాయలు రూ.42, ఉల్లిపాయలు రూ.24, బంగాళాదుంపలు రూ.33, పచ్చిమిర్చి రూ.56. మనకు కావలసినవి రెండు కిలోల టమాటా, కిలో వంకాయలు, అరకిలో బెండకాయలు, మూడు కిలోల ఉల్లిపాయలు, కిలోన్నర బంగాళాదుంపలు, పావుకిలో పచ్చిమిర్చి. చేతిలో రూ.300 ఉన్నాయి.

డబ్బు సరిపోతుందా అన్నదే మన ప్రశ్న కాబట్టి ధరలన్నిటినీ పై పదికి సవరిద్దాం. టమాటా 30 చొప్పున 60, వంకాయలు 40, బెండకాయలు 50లో సగం 25, ఉల్లిపాయలు 30 చొప్పున 90, బంగాళాదుంపలు 40 చొప్పున 60, పచ్చిమిర్చి 60లో పావు 15. మొత్తం 290. ప్రతి ధరనూ పెంచి లెక్కించినా 300 దాటలేదు గనుక సందేహం లేకుండా కొనవచ్చు.

ఇప్పుడు చేతిలో రూ.250 మాత్రమే ఉన్నాయనుకోండి. 290 అనే అంచనా ఇక్కడ ఏమీ తేల్చదు, ఎందుకంటే అందులో మనం కావాలని కలిపిన అదనం ఎంతో మనకు తెలియదు. ధరలను సమీప పదులకు సవరిస్తే 60, 40, 20, 60, 45, 15 వచ్చి మొత్తం 240 అవుతుంది. కానీ అసలు మొత్తం 248 రూపాయల 50 పైసలు. ఎనిమిదిన్నర రూపాయల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే ఈ పాఠంలోని అసలు కీలకం బయటపడుతుంది.

ఉల్లిపాయల వరుస చూడండి. కిలో 24ను 20గా సవరించినప్పుడు మనం వదిలేసింది నాలుగు రూపాయలే, కానీ మూడు కిలోలకు గుణించేసరికి ఆ నాలుగు పన్నెండు అయింది. పచ్చిమిర్చిలో కూడా అంతే తేడా, 56ను 60 చేశాము. అయితే కొన్నది పావుకిలో కాబట్టి ఆ నాలుగు రూపాయి అయిపోయింది. సవరించిన తర్వాత గుణిస్తే, చేసిన సవరణ కూడా గుణించబడుతుంది. కాబట్టి పరిమాణం కిలో కన్నా ఎక్కువగా ఉన్న వస్తువులకు ముందు గుణించి ఆ తర్వాత సవరించాలి. పావుకిలో, వందగ్రాముల వస్తువులకు ధరను ఎలా సవరించినా పెద్ద నష్టం లేదు.

అదే చీటీని ముందు గుణించి, తర్వాత సవరించి చూద్దాం. టమాటా 56 కాబట్టి 60, వంకాయలు 36 కాబట్టి 40, బెండకాయలు 21 కాబట్టి 20, ఉల్లిపాయలు 72 కాబట్టి 70, బంగాళాదుంపలు 33కు సగం పదహారున్నర కలిపి 49.50 కాబట్టి 50, పచ్చిమిర్చి 14 కాబట్టి 10. మొత్తం 250. అసలు మొత్తానికీ దీనికీ తేడా రూపాయిన్నర. పైకి వెళ్లిన 4, 4, అర, కిందికి వెళ్లిన 1, 2, 4 ఒకదాన్నొకటి చాలావరకు కొట్టివేసుకున్నాయి. సమీప సవరణకు ఉన్న బలమంతా ఈ కొట్టివేతలోనే ఉంది. అయినా చేతిలో ఉన్నది 250, అంచనా వచ్చింది 250 అయినప్పుడు, అంచనాను నమ్మి కౌంటర్ దగ్గరకు వెళ్లకూడదు; అలాంటి చోట ఖచ్చితంగా లెక్కించాలి, లేదా ఉల్లిపాయలు ఒక కిలో తగ్గించుకోవాలి.

పావు, ముప్పావు లెక్కలు

పావుకిలో ధర కావాలంటే కిలో ధరను సగం చేసి, దాన్ని మళ్లీ సగం చేయాలి. ముప్పావుకిలో కావాలంటే ఆ పావును కిలో ధరలో నుంచి తీసేయాలి. వందగ్రాములకు కిలో ధరలో పదో వంతు. రూపాయికి పదహారణాలు లెక్కపెట్టిన రోజుల్లో, అంటే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా, పిల్లలు మామూలు ఎక్కాలతోపాటు పావు, అర, ముప్పావుల ఎక్కాలను కూడా కంఠతా పట్టేవారు. నాణేలు మారినా తూకాల్లో పావులు, అరలు మిగిలే ఉన్నాయి కాబట్టి ఇరవై వరకైనా పావు ఎక్కాన్ని నేర్చుకోవడం ఇప్పటికీ ఉపయోగమే.

తేడాలు ఒకే వైపు వెళ్లినప్పుడు

సూపర్‌మార్కెట్లలో ధరలు 49, 99, 149, 199, 299 అని తొమ్మిదితో ముగుస్తుంటాయి. వీటిని సమీప పదికి సవరిస్తే ప్రతిదీ పైకే పోతుంది, కొట్టివేత జరగదు. ఇది చిక్కు కాదు సరికదా, మనకు ఎంతో వీలు కూడా. ఈ అయిదింటినీ 50, 100, 150, 200, 300గా కూడితే 800 వస్తుంది. వస్తువుకు రూపాయి చొప్పున అయిదు తీసేస్తే 795. ఇది అంచనా కాదు, అసలు మొత్తమే.

అయిదుతో ముగిసే ధరలు ఇంతకన్నా జాగ్రత్త కోరతాయి. చివరి అంకె 5 అయితే పైకి సవరించాలన్నది బడిలో చెప్పే నియమం. జీఎస్టీ చట్టంలోని 170వ సెక్షన్ కూడా పన్ను మొత్తంలో 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయమని, అంతకన్నా తక్కువైతే వదిలేయమని చెబుతుంది. ఒక్క సంఖ్యను సవరించడానికి ఈ నియమం బాగానే ఉంటుంది. కానీ 45, 65, 35, 85, 25 అనే అయిదు ధరలను ఇదే నియమంతో సవరిస్తే 50, 70, 40, 90, 30 కలిసి 280 అవుతుంది, అసలు మొత్తం 255. ఇలాంటి చోట సవరించడం మానేసి జతలు కట్టడం మంచిది: 45, 35 కలిసి 80, 65, 85 కలిసి 150, మిగిలిన 25తో 255. రెండు అయిదులు కలిస్తే పది అవుతుందని గుర్తుంచుకుంటే ఈ జతలు కంటికి వాటంతటవే కనబడతాయి.

రెండు పెద్ద సంఖ్యల లబ్ధం

గృహప్రవేశానికి 148 మందికి భోజనాలు, ప్లేటుకు రూ.235 అని వంటవారు చెప్పారనుకుందాం. ఇందాక చూసిన గుణింపు ప్రమాదం ఇక్కడ వేలల్లోకి వెళుతుంది. 235ను 200గా సవరిస్తే ఒక్కో ప్లేటుకు వదిలేసిన 35 రూపాయలు 148 మందికి కలిసి అయిదు వేలు దాటిపోతాయి. రెండు సంఖ్యలనూ పైకి సవరించి 240ని 150తో గుణిస్తే 36,000 వస్తుంది. ఒకదాన్ని పైకి, మరొకదాన్ని కిందికి సవరించి 230ని 150తో గుణిస్తే 34,500 వస్తుంది. అసలు లబ్ధం 34,780 కాబట్టి, ఎదురెదురుగా సవరించిన రెండో అంచనాలో తేడా 280 మాత్రమే, మొదటిదానిలో 1,220. 150తో గుణించడం కష్టమనిపిస్తే వంద రెట్లకు అందులో సగం కలపండి: 23,000కు 11,500.

అయితే ఈ సొమ్మును ఇంట్లో పక్కన పెట్టుకోవడానికి లెక్కిస్తున్నట్లయితే 36,000 అంచనానే వాడుకోండి. పిలిచినవారి సంఖ్యను కిందికి సవరించుకున్న ఇంట్లో చివరి పంక్తి దగ్గర ఇబ్బంది తప్పదు.

పిల్లలకు నేర్పేవారికి ఒక మాట

అంచనా వేయమంటే చాలామంది పిల్లలు ముందు అసలు లెక్క చేసి, వచ్చిన జవాబును సవరించి అంచనాగా రాస్తారు. జవాబు పత్రంలో అది తప్పుగా కనబడదు, కానీ నేర్చుకోవలసింది ఒక్కటీ నేర్చుకోలేదన్నమాట. ఆ అలవాటు పోవాలంటే కాగితం, పెన్సిలు పక్కన పెట్టించి, చీటీని ఒక నిమిషం చూపించి, మొత్తం నోటితో చెప్పించాలి. ఆ తర్వాతే అసలు బిల్లు చూపాలి. తేడా ఎంత అని అడిగి వదిలేయకుండా, ఏ వస్తువు దగ్గర ఎక్కువ తేడా వచ్చిందో ఆ పిల్లవాడితోనే వెతికించాలి. మనం చెప్పిన నియమం కన్నా, ఉల్లిపాయల వరుసలో తను పట్టుకున్న పన్నెండు రూపాయలు అతనికి ఎక్కువ కాలం గుర్తుంటాయి. తేడా తక్కువగా వచ్చినందుకే మెచ్చుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే రెండు పెద్ద పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టివేసుకుని కూడా జవాబు దగ్గరగా రావచ్చు.

అభ్యాసం

కింది లెక్కలను రాయకుండా చేయండి. ప్రతిదానికీ ముందుగా "పైకా, కిందికా, సమీపానికా?" అని నిర్ణయించుకుని, ఆ నిర్ణయాన్ని మాత్రం నోటుపుస్తకంలో రాసుకోండి.

1. కందిపప్పు కిలో రూ.164, కొనవలసింది కిలోన్నర. చింతపండు కిలో రూ.190, పావుకిలో, బెల్లం కిలో రూ.58, రెండు కిలోలు. చేతిలో రూ.450 ఉన్నాయి. సరిపోతాయా?

2. ఒక రైతు రోజుకు 7 లీటర్ల పాలు లీటరు రూ.43 చొప్పున 15 రోజులు పోశాడు. తప్పకుండా చేతికి వస్తుందని నమ్మదగిన మొత్తం ఎంత?

3. బిల్లులో రూ.199, రూ.89, రూ.349, రూ.49 ధరలున్న నాలుగు వస్తువులకు మొత్తం రూ.736 అని ఉంది. ఈ బిల్లు సరైనదేనా?

4. ఒక బడి నుంచి 62 మంది పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లాలి. తలకు రూ.385 ఖర్చు. ఎదురెదురు సవరణతో ఒక అంచనా, రెండూ పైకి సవరించి మరొక అంచనా వేసి, పిల్లల నుంచి ముందుగా వసూలు చేయవలసిన మొత్తానికి ఏది వాడాలో కారణంతో చెప్పండి.

వీటి జవాబులు 4వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో శాతాల అంచనాను, ముఖ్యంగా 5 శాతం, 18 శాతం పన్నులను మనసులోనే లెక్కించడాన్ని నేర్చుకుంటాము. అందుకు సన్నాహంగా, కనబడిన ప్రతి ధరలో పదో వంతు ఎంతో, ఆ పదో వంతులో సగం ఎంతో చెప్పుకుంటూ ఉండండి.