వాతావరణ మార్పుపై ఎవరైనా సందేహం లేవనెత్తితే దాన్ని ఎలా పరీక్షించాలి?

ఫోనులో ఒక గ్రాఫు వస్తుంది. దాని కింద ఒకే వాక్యం: "భూమి వేడెక్కడం ఎప్పుడో ఆగిపోయింది, మనకు చెప్పడం లేదంతే." పంపినవారు మనకు కావలసినవారే, తెలివైనవారే. అప్పుడు చాలామంది రెండే పనులు చేస్తారు. నమ్మేసి నలుగురికీ పంపుతారు, లేదా పంపినవారిని నాలుగు మాటలంటారు. ఎలా చేసినా ఆ గ్రాఫును మాత్రం ఎవరూ నిదానంగా చూసినట్టు కాదు.

సందేహించడాన్ని నేను తప్పుపట్టను. విజ్ఞానశాస్త్రం ముందుకు కదిలేదే సందేహంతో. అయితే సందేహం కూడా ఒక వాదనే కాబట్టి, దానికీ రుజువు అడగాలి. అందుకు పెద్ద చదువులు అక్కరలేదు. కాగితం, పెన్సిలు, ఒక సాయంత్రం చాలు.

1. అసలు ఏమంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

వాతావరణ మార్పుపై వినిపించే అభ్యంతరాలన్నీ ఒకే రకం కావు. భూమి వేడెక్కడమే లేదని కొందరంటారు. వేడెక్కుతోంది గానీ కారణం మనుషులు కారని మరికొందరు. మనుషులే కారణమైనా పెద్దగా ప్రమాదం లేదని ఇంకొందరు. ప్రమాదం ఉన్నా, నివారణకు చెబుతున్న మార్గాలకు అయ్యే ఖర్చు భరించలేమని నాలుగో వాదన.

మొదటి రెండూ కొలతలతో తేలిపోయే విషయాలు. మూడోదానిలో కొంత విజ్ఞానం, కొంత విలువల ప్రశ్న. నాలుగోది పూర్తిగా విధానాలకు సంబంధించిన చర్చ. బొగ్గు, చమురు వాడకంపై వేసే కార్బన్ పన్ను వద్దనే మనిషి థర్మామీటరును కాదంటున్నాడని అనుకోకూడదు. అలాగే పన్ను నచ్చనంత మాత్రాన థర్మామీటరు తప్పు చూపించదు.

వాక్యం రాసుకోవడంలో ఇంకో ప్రయోజనం ఉంది. ఒక ప్రశ్నకు జవాబు దొరకగానే మాట మెల్లగా రెండో ప్రశ్నలోకి జారిపోవడం తరచూ జరుగుతుంది. మొదటి వాక్యం కాగితం మీద ఉంటే, "ఇది తేలింది కదా, ఇక తర్వాతి దానికి వెళదాం" అని మర్యాదగానే గుర్తుచేయవచ్చు.

2. గ్రాఫు ఏ సంవత్సరంతో మొదలైందో చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఈ మెట్టే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

"వేడెక్కడం ఆగిపోయింది" అనే గ్రాఫులు ఎన్నో 1998తో మొదలయ్యేవి. 1997-98లో పసిఫిక్ మహాసముద్రంలో చాలా బలమైన ఎల్‌నినో, అంటే సముద్రపు పై నీరు మామూలుకన్నా వేడెక్కే దశ, వచ్చింది. సముద్రంలో దాగిన వేడి గాలిలోకి చేరి, ఆ ఏడాది అప్పటికి రికార్డు ఉష్ణోగ్రత నమోదైంది. అంత ఎత్తున్న చుక్క నుంచి గీత గీయడం మొదలుపెడితే, తర్వాతి సంవత్సరాలు చదునుగా కనబడక ఏమవుతాయి?

భూమి సగటు ఉష్ణోగ్రతల గ్రాఫు ఏదైనా తీసుకుని, ఎడమ వైపు భాగాన్ని ఒక కాగితం ముక్కతో మూయండి. 1998 నుంచి మాత్రమే కనబడేలా పెట్టి, 2012 వరకు చూపు సారించండి. దాదాపు చదునుగా ఉంటుంది. ఇప్పుడు కాగితాన్ని రెండేళ్లు ఎడమకు జరపండి. 1996 నుంచి చూస్తే గీత పైకి లేస్తుంది. ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఏర్పాటైన అంతర ప్రభుత్వ బృందం, 2013 నివేదికలో ఈ తేడాను అంకెల్లోనే చూపింది. 1998తో మొదలయ్యే 15 ఏళ్ల కాలంలో పెరుగుదల దశాబ్దానికి 0.05 డిగ్రీలు. 1996తో మొదలయ్యే 15 ఏళ్ల కాలంలో 0.14 డిగ్రీలు. రెండేళ్ల తేడాతో దాదాపు మూడు రెట్లు మారిపోయే అంకె మీద అంత పెద్ద నిర్ణయం నిలబెట్టగలమా?

ఆ తర్వాత కాగితాన్ని పూర్తిగా తీసేయండి. 1970ల నుంచి చూస్తే 1998 ఎక్కే మెట్లలో ఒక మెట్టు మాత్రమే. 2005, 2010, 2014, 2015, 2016 దానిని దాటాయి. 2024 నాటికి సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటి స్థాయికన్నా సుమారు 1.5 డిగ్రీలు పైన ఉంది.

నిలువు గీత మీది అంకెలనూ వదలకండి. సున్నా నుంచి 40 డిగ్రీల దాకా కొలబద్ద పెడితే ఏ పెరుగుదలైనా సన్నని అడ్డగీతలా కనబడుతుంది. "ఒక డిగ్రీకే ఇంత గోలా?" అని అడిగేవారికి ఒక పోలిక చెప్పవచ్చు: ఉత్తర ఖండాల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకున్న గత హిమయుగానికీ, ఫ్యాక్టరీల కాలానికి ముందున్న భూమికీ సగటు తేడా సుమారు 6 డిగ్రీలే.

3. కారణం వేరే ఉందంటే, దాని ఆనవాళ్లు అడగండి

"అంతా సూర్యుడి వల్లే" అన్న మాట తరచూ వింటాం. అడగదగ్గ ప్రశ్నే. సూర్యుడే కారణమైతే గాలి పొరలన్నీ, కింద నుంచి పై దాకా, వేడెక్కాలి. కొలిచి చూస్తే మనం ఉన్న కింది పొర వేడెక్కుతోంది, దాని పైనున్న స్ట్రాటో ఆవరణం చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ లాంటి, వేడిని పట్టి ఉంచే వాయువులు పెరిగితే జరగవలసింది సరిగ్గా ఇదే. పైగా సూర్యుడి నుంచి వచ్చే శక్తిని 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి. ఈ వేడిమిని వివరించగలిగే పెరుగుదల ఆ కొలతల్లో లేదు.

గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ అంతే. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గు, చమురులో కార్బన్-14 అనే రకం కార్బన్ మిగలదు, కార్బన్-13 అనే మరో రకం కూడా గాలిలో కన్నా తక్కువే. గాలిలోని కార్బన్‌లో ఈ రెండింటి వాటా తగ్గుతూ వచ్చింది. ఏదో మండుతోందనడానికి సాక్ష్యంగా ఆక్సిజన్ కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది. అగ్నిపర్వతాలు ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదానిలో ఒక శాతం కూడా ఉండదు.

"గాలిలో 0.04 శాతమే కదా" అంటారు. నిజమే. అయితే గాలిలో దాదాపు మొత్తం తామే అయిన నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్ నేల వదిలే పరారుణ కిరణాలను, అంటే వేడి కిరణాలను, ఆపలేవు. కార్బన్ డయాక్సైడ్ ఆపగలదు. ఈ సంగతి నేటి రాజకీయాలకన్నా ఎంతో పాతది. అమెరికా శాస్త్రవేత్త యూనిస్ ఫుట్ 1856లో గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువగా వేడెక్కడం గమనించింది. 1859లో జాన్ టిండాల్ ఏ వాయువు వేడి కిరణాలను ఎంత పట్టుకుంటుందో కొలవడం మొదలుపెట్టాడు. 1896లో స్వాంటే అరేనియస్ ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో చేతిలెక్కతో అంచనా వేశాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు, గాలిలో పది లక్షల భాగాలకు 315 భాగాల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడది 420 దాటింది.

4. శాస్త్రవేత్తల మధ్య విభేదం ఏ ప్రశ్న మీదో తేల్చుకోండి

శాస్త్రవేత్తలు గొడవపడరని చెబితే అది అబద్ధం. 1990లలో జరిగిన ఒక గట్టి వివాదం తెలుసుకోవలసినది. అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ ఉపగ్రహ కొలతలతో కింది గాలి పొర ఉష్ణోగ్రత లెక్కగట్టారు. నేల మీది థర్మామీటర్లు పెరుగుదల చూపుతుంటే వారి లెక్కలో అది దాదాపు కనిపించలేదు. వారు శిక్షణ పొందిన శాస్త్రవేత్తలు, చేతిలో నిజమైన కొలతలు ఉన్నాయి. తోసిపుచ్చడానికి వీల్లేని సందేహం అది.

1998లో ఫ్రాంక్ వెంజ్, మథియాస్ షేబెల్ అనే శాస్త్రవేత్తలు ఆ లెక్కలో ఒక లోపం పట్టుకున్నారు. పలుచని గాలి రాపిడికి ఉపగ్రహాలు ఏటా కొంచెం కొంచెం కిందికి దిగుతున్నాయి, ఆ దిగుదల కొలతల్లో చల్లదనంగా కనబడుతోంది. 2005లో కార్ల్ మియర్స్, వెంజ్ మరొకటి చూపారు. ఉపగ్రహం ఒకే చోటును ఏటా కాస్త వేరే సమయంలో దాటుతుంది. దానికోసం చేసిన సవరణలో కలపవలసిన చోట తీసివేత జరిగింది. క్రిస్టీ, స్పెన్సర్ ఆ తప్పు ఒప్పుకుని తమ లెక్క సరిచేశారు. నేడు వారి పట్టిక కూడా భూమి వేడెక్కుతోందనే చూపుతుంది, మిగతావాటికన్నా కాస్త తక్కువగా. రాబోయే వేడిమిని అంచనా వేసే కంప్యూటర్ నమూనాలను వారు ఇప్పటికీ విమర్శిస్తూనే ఉన్నారు. నిజాయితీ గల విభేదం ఇలాగే ఉంటుంది: కొలత చూపుతుంది, పరీక్షకు నిలబడుతుంది, తప్పు తేలితే దిద్దుకుంటుంది.

నేటి నిజమైన విభేదాలు ఎక్కువగా "ఎంత" అన్నదాని చుట్టూ ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 1.5 నుంచి 4.5 డిగ్రీలు పెరగవచ్చని 1979లో జూల్ చార్నీ నాయకత్వంలోని శాస్త్రవేత్తల బృందం చెప్పింది. 2021 నాటి ఐపీసీసీ నివేదిక దానిని 2.5 నుంచి 4 డిగ్రీల మధ్యకు కుదించింది. మేఘాలు ఎలా స్పందిస్తాయన్నది ఇంకా పెద్ద చిక్కుముడే. "ఎంత" అన్న ప్రశ్న మీది చర్చను "అసలు లేదు" అనడానికి రుజువుగా ఎవరైనా వాడుతుంటే, అక్కడ ఆపి అడగాలి.

5. సంతకాలను కాదు, పరిశోధనలను లెక్కించండి

మనుషులు వదిలే వాయువులతో భూమి ప్రమాదకరంగా వేడెక్కుతుందనడానికి రుజువు లేదని ముప్పై వేల మందికి పైగా సంతకాలు చేశారంటూ అమెరికాలో మొదలైన ఆరెగాన్ పిటిషన్ ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. విజ్ఞానంలో డిగ్రీ ఉన్నవారెవరైనా అందులో సంతకం చేయవచ్చు, వాతావరణంపై ఒక్క రోజు కూడా పనిచేయకపోయినా సరే. మనుషులే కారణమని 97 శాతం శాస్త్రవేత్తలు అంటున్నారని అవతలి వైపు వినిపించే అంకెనూ అంతే జాగ్రత్తగా చెప్పాలి. 2013లో జాన్ కుక్ బృందం దాదాపు 12,000 పరిశోధన పత్రాల సారాంశాలు చదివింది. వాటిలో కారణంపై ఏదో ఒక అభిప్రాయం చెప్పినవి సుమారు మూడో వంతు. మనుషులు కారణమన్నవి 97 శాతం అన్నది ఆ మూడో వంతులోనే. ఈ వివరం దాచిపెట్టి గొప్పగా చెబితే, తెలిసినవారు పట్టుకున్న రోజు మన మిగతా మాటకూ విలువ పోతుంది.

డబ్బు ఎవరిదో కూడా అడగండి. ఎక్సాన్ అనే చమురు సంస్థ శాస్త్రవేత్తలు భూమి ఎంత వేడెక్కుతుందో 1977 నుంచి 2003 మధ్య సంస్థ లోపల వేసిన అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. అదే కాలంలో ఆ సంస్థ బయటి ప్రపంచానికి అనిశ్చితి గురించి చెబుతూ వచ్చింది. అయితే డబ్బు మూలం అనుమానించడానికి కారణం అవుతుందే గాని, వాదన తప్పనడానికి అదొక్కటే చాలదు.

6. మీకు నచ్చిన వార్తకూ ఇదే పరీక్ష పెట్టండి

హిమాలయాల్లోని మంచునదులు 2035 నాటికే కరిగిపోవచ్చని 2007 ఐపీసీసీ నివేదికలో ఒక వాక్యం దొర్లింది. దానికి సరైన ఆధారం లేదు. 2010లో ఆ సంస్థ తప్పు ఒప్పుకుని విచారం తెలిపింది. మంచునదులు కరుగుతున్న మాట నిజం, ఆ తేదీ మాత్రం తప్పు. ఇన్నేళ్లలో ప్రపంచం అంతమైపోతుందని చెప్పే పోస్టు కనబడినా, ఒక తుపానును చూపి ఇది పూర్తిగా వాతావరణ మార్పు వల్లేనని ఎవరైనా ప్రకటించినా, పై మెట్లన్నీ వాటికీ వర్తింపజేయండి.

7. ఇక ఆ మనిషితో మాట్లాడండి

నలుగురి ముందు వద్దు, విడిగా మాట్లాడండి. గ్రాఫు పక్కన పెట్టి, ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఏ కొలత చూస్తే మీ అభిప్రాయం మారుతుంది?"

రిచర్డ్ ముల్లర్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్తకు ఉష్ణోగ్రతల లెక్కలపై నిజమైన అనుమానాలుండేవి. నగరాల వేడి లెక్కను పాడుచేస్తోందేమో, నాసిరకం కొలత కేంద్రాల వల్ల తప్పు వస్తోందేమో, కొలతలకు చేసే సవరణల్లో పొరపాటుందేమో అని. ఆయన ఆ అనుమానాలు ఒక్కొక్కటే పరీక్షించడానికి బర్క్‌లీ ఎర్త్ అనే బృందాన్ని కట్టాడు. నిధులిచ్చినవారిలో చమురు వ్యాపారి చార్లెస్ కోచ్ పేరిట ఉన్న ఫౌండేషన్ కూడా ఉంది. పాత లెక్కలు సరైనవేనని తేలింది. 2012లో ముల్లర్ తన అభిప్రాయం మార్చుకున్నానని, వేడెక్కడానికి దాదాపు పూర్తి కారణం మనుషులేనని బహిరంగంగా రాశాడు.

అవతలివారు జవాబు చెప్పాక, అదే ప్రశ్నకు మీ జవాబూ చెప్పాలి. నా జవాబు ఇది: స్ట్రాటో ఆవరణం చల్లబడటం మాని కింది పొరతో పాటు దశాబ్దాల తరబడి వేడెక్కుతూ పోతే, అదే కాలంలో సూర్యుడి శక్తి పెరిగినట్టు ఉపగ్రహాలు చూపితే, నేను రాసినదంతా మళ్లీ మొదటినుంచి ఆలోచిస్తాను.