స్ప్రే ఫోమ్ బిల్లు కొటేషన్‌ను దాటిందా? ముందు రేకు మీద దారం పరిచి చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎండాకాలం మధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. అందుకే రేకుల అడుగున స్ప్రే ఫోమ్ కొట్టిస్తే ఎంతవుతుందని చాలామంది అడుగుతుంటారు. ఈ పనుల కొలతలూ బిల్లులూ చూసేవాడిగా నా ముందుకు వచ్చే తగాదాలు దాదాపు అన్నీ ఒకే కాగితం దగ్గర మొదలవుతాయి. కొటేషన్‌లో ‘చదరపు అడుగుకు ఇంత’ అని ఒక అంకె ఉంటుంది. మందం ఉండదు, సాంద్రత ఉండదు, ఆ చదరపు అడుగును ఎక్కడ కొలిచారో అసలే ఉండదు.

సమస్య: ఒకే ఇంటికి రెండు కొటేషన్లు, రెండింటికీ పొంతన లేదు

ఫోమ్ ధరను తేల్చేది వైశాల్యం కాదు, అందులోకి వెళ్లే రసాయనం బరువు. ఐసోసయనేట్, పాలియోల్ అనే రెండు ద్రవాలు గన్‌లో కలిసి, రేకును తాకగానే ఉబ్బి గట్టిపడతాయి. అమెరికాలో ఒక చదరపు అడుగును ఒక అంగుళం మందంతో కలిపి ‘బోర్డ్ ఫుట్’ అనే కొలతగా లెక్కిస్తారు కాబట్టి మందం ధరలోనే ఇమిడి ఉంటుంది. మన దగ్గర అది నోటిమాటగానే మిగిలిపోతోంది. ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత ఉన్న ఫోమ్ ఒక చదరపు అడుగున అంగుళం మందం రావాలంటే సుమారు 94 గ్రాముల సరుకు పడుతుంది. ఒకరు 25 మిల్లీమీటర్లకు, ఇంకొకరు 50 మిల్లీమీటర్లకు ధర చెబితే సరుకు రెట్టింపు తేడా. ఘనపు మీటరుకు 32 కిలోల ఫోమ్‌కూ 45 కిలోల ఫోమ్‌కూ మధ్య మరో 40 శాతం తేడా. ఘనపు మీటరుకు 8 కిలోలే ఉండే ఓపెన్ సెల్ రకం, అంటే లోపలి బుడగలు తెరుచుకుని ఉండేది, చవకే, కానీ అదే మందంలో అది వేడిని ఆపే శక్తి బుడగలు మూసుకుని ఉండే క్లోజ్డ్ సెల్‌కు ఉన్నదానిలో ఇంచుమించు సగమే, పైగా అది తేమను పీల్చుకుంటుంది.

పరిష్కారం కష్టమేమీ కాదు. క్లోజ్డ్ సెల్ అనీ, సాంద్రత ఇంత అనీ, మందం ఇంత అనీ, ఏ చోటా ఇంతకు తగ్గకూడదనీ కాగితం మీద రాయించుకున్న తర్వాతే ధరలను పక్కపక్కన పెట్టి చూడండి. ‘50 మిల్లీమీటర్ల వరకు’ అనే మాటను ఒప్పుకోకండి, ఎందుకంటే 20 కూడా 50 వరకు లోపలిదే. పని రోజున పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, ఐదు మందం ఉన్న ముక్క కోయించి బంగారం తూచే కాటా మీద పెడితే, 40 కిలోల ఫోమ్ అయితే సుమారు 20 గ్రాములు తూగాలి. రెండు నిమిషాల ఈ పరీక్షను చేయకుండానే డబ్బు కట్టేసి, ఆ తర్వాత బాధపడేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సమస్య: మందం, సాంద్రత రాయించుకున్నాం, అయినా బిల్లు అయిదో వంతు పెరిగింది

ఇక్కడ దెబ్బతిన్నవాడిని నేనే. దేవరకొండ దగ్గర ఒక సిమెంటు రేకుల ఇంటికి గది లోపలి నేల కొలిచి, 30 అడుగులు, 20 అడుగులు, మొత్తం 600 చదరపు అడుగులు అని రాసి ఇచ్చాను. పని పూర్తయ్యాక ఫోమ్ కొట్టినవారు 730కి పైగా లెక్క చూపారు. ఇంటి యజమాని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రేకుల వాలు వల్ల పెరిగిందేమో అనుకొని వాలు లెక్కగట్టాను. అయిదడుగులకు ఒక అడుగు చొప్పున ఉన్న వాలు వైశాల్యాన్ని పెంచేది రెండు శాతమే. మిగతాదంతా రేకు గాళ్లలో దాగి ఉంది.

సాధారణ సిమెంటు రేకులో ఒక మిట్ట నుంచి తర్వాతి మిట్టకు 146 మిల్లీమీటర్లు, మిట్టకూ పల్లానికీ ఎత్తు తేడా 48 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ వంపుల వెంట కొలిస్తే, పైకి ఒక మీటరుగా కనిపించే వెడల్పు సుమారు మీటరు ఇరవై అవుతుంది. ఇనుప రేకుల్లో ఈ పెరుగుదల కొంత తక్కువ, కానీ ఉంటుంది. ఫోమ్ అంటుకునేది ఆ వంపులకే. కాబట్టి 600 అడుగుల గదికి వాలుతో 612, వంపులతో సుమారు 734 చదరపు అడుగులు. వారి లెక్క తప్పు కాదు, నా కొలతే తప్పు.

అయితే బిల్లు పెరగడం ఈ సమస్యకు ఒక ముఖం మాత్రమే, రెండో ముఖం అంతకన్నా ప్రమాదకరం. జడ్చర్ల వైపు మరో ఇంట్లో నేల కొలతకే ఒప్పుకున్న కాంట్రాక్టరు బిల్లులో ఒక్క రూపాయి కూడా పెంచలేదు. 600 చదరపు అడుగుల చదునైన తలానికి 50 మిల్లీమీటర్ల మందానికి కావలసిన 111 కిలోల సరుకునే 734 అడుగుల వంపుల మీద పరిచాడు. మందం సగటున 41 మిల్లీమీటర్లకు దిగింది. గన్‌కు ఎదురుగా ఉన్న మిట్టల మీద 50 ఉంది, పక్కవాలుల మీద 30 కూడా లేదు. మిట్ట మీద గుచ్చి చూసిన యజమాని సంతోషంగా సంతకం పెట్టేశాడు. ఇక గాళ్లను పూర్తిగా నింపి అడుగును చదునుగా చేస్తామనేవారికి ఇంకో లెక్క ఉంది. గాళ్లు నింపడానికే సగటున 24 మిల్లీమీటర్ల ఫోమ్ అదనంగా పోతుంది కాబట్టి అదే గదికి 168 కిలోల వరకు కావాలి, వంపుల వెంటే కొడితే 136 చాలు. చదును అడుగు చూడడానికి బాగుంటుందే తప్ప, ఆ అదనపు ఖర్చుకు తగిన చల్లదనం రాదని నా అభిప్రాయం.

అందువల్ల కొటేషన్ అడగకముందే ఒక దారం తీసుకోండి. ఒక రేకు వెడల్పునా మిట్టలూ పల్లాలూ తాకేలా పరిచి, తర్వాత దాన్ని సాగదీసి కొలవండి. ఆ పొడవును రేకు మామూలు వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్యతోనే మీ చదరపు అడుగులను హెచ్చించి, ఆ వైశాల్యానికే అందరి దగ్గరా ధర అడగండి. పని అయ్యాక గోనెసంచులు కుట్టే దబ్బనం మీద 50 మిల్లీమీటర్ల దగ్గర రంగుతో గుర్తు పెట్టుకొని, మిట్టన, పల్లంలో, పక్కవాలున, గది నాలుగు మూలలా గుచ్చి చూడండి. పక్కవాలును వదిలేస్తే ఆ పరీక్ష చేసి ప్రయోజనం లేదు. డ్రమ్ముల్లో సరుకు మట్టం పనికి ముందు, తర్వాత ఫోటో తీసుకుంటే ఎన్ని కిలోలు వాడారో కూడా తెలుస్తుంది.

సమస్య: చివర్లో అనుకోని పద్దులు వచ్చి చేరాయి

ధర జీఎస్టీతో కలిపా, కాకుండానా అని ముందే అడగాలి. హైదరాబాద్ నుంచి యంత్రం తెచ్చే ఖర్చు చిన్న ఇంటికైనా పెద్ద ఇంటికైనా దాదాపు ఒకటే కాబట్టి ఒక్క గదికి అడుగు ధర ఎక్కువగానే పడుతుంది. పక్కింటివారితో కలిసి ఒకేసారి చేయించుకుంటే ఈ భారం తగ్గుతుంది. ఇక నేను ఎవరినీ తగ్గించుకోనివ్వని పద్దు ఒకటుంది. ఫోమ్ నిప్పు అంటుకుంటే విషపు పొగ వస్తుంది కాబట్టి మనుషులు ఉండే గదిలో దానిని జిప్సం బోర్డుతో గానీ, అగ్నిని నిరోధించే పూతతో గానీ కప్పాలి. కట్టెల పొయ్యి ఉన్న వంటగదిలో అసలు కొట్టించకండి. రేకు పైభాగాన కొట్టిస్తే ఎండకు ఫోమ్ పసుపెక్కి పొడిగా రాలిపోతుంది కాబట్టి అక్కడ పై కోటింగ్ ఖర్చు తప్పదు.

సమస్య: ఫోమ్ కొట్టించాం, ఇల్లు ఇంకా వేడిగానే ఉంది

మందం సరిగానే ఉంటే గోడకూ రేకుకూ మధ్య సందులు, పడమటి కిటికీ చూడండి. స్లాబు ఇల్లయితే ముందు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించి ఒక ఎండాకాలం గడపండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రోత్సహించేవాటిలో అలాంటి పూతలూ ఉన్నాయి, వాటికి ఫోమ్‌కు అయ్యేంత ఖర్చు కాదు.

ఘాటైన వాసన వారాల తరబడి పోకపోవడం, ఫోమ్ పెళుసుగా విరగడం రెండు ద్రవాల పాళ్లు తప్పినప్పుడు జరుగుతాయి. ఇది అరుదు, అలాంటి చోట తీయించి మళ్లీ కొట్టించడం తప్ప మార్గం లేదు. తడి రేకు మీద కొడితే ఫోమ్ ఊడిపోతుంది కాబట్టి వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. ఆఖరి విడత డబ్బు మాత్రం దబ్బనం పక్కవాలున గుర్తు దాకా దిగిన తర్వాతే ఇవ్వండి.