మచ్చలకు ట్యూబు అడిగే ముందు

"అన్నా, మచ్చలు పోయే ట్యూబేమన్నా ఉందా?"

ఖమ్మంలో మా మెడికల్ షాపు కౌంటరు దగ్గర 19 ఏళ్లుగా వింటున్న మాట ఇది. అడిగేవాళ్లు నా బుగ్గల వంక చూసి "నీకే పోలేదు, నాకేం ఇస్తావులే" అన్నట్టు మొహం పెడతారు. న్యాయమే. ఇంటర్‌లో హాస్టల్ అద్దం ముందు నిలబడి, రెండు బొటనవేళ్ల గోళ్లతో చిదిమిన మొటిమల గుర్తులివి.

ట్యూబు సంగతి తర్వాత. మీకున్నది మచ్చా, గుంటా? ముందు అది తేల్చుకోండి. రాత్రి గదిలో లైటార్పి అద్దం ముందు కూర్చోండి. ఫోన్ టార్చిని చెవి పక్కగా పెట్టి, వెలుగు బుగ్గ మీద ఏటవాలుగా పడేలా పట్టుకోండి. ఎదురుగా వేస్తే ఏమీ తెలీదు. పక్క నుంచి వేస్తే గుంట ఉన్నచోట చిన్న నీడ పడుతుంది. ఉత్త మచ్చయితే రంగు తేడాయే తప్ప నీడుండదు. నీడ పడినచోట చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా సాగదీయండి. చదునైపోతే పైపై గుంట. సూదితో పొడిచినట్టు అలాగే ఉంటే లోతైనది.

నీడ పడని మచ్చకు అంత భయపడక్కర్లేదు. మొటిమ వాచి తగ్గినచోట చర్మం రంగు ఎక్కువగా తయారుచేస్తుంది, మన చాయవాళ్లకు మరీను. ఎండ తగలనీయకుండా ఉంటే కొన్ని నెలల్లో పలచబడుతుంది. అందుకే మచ్చలకు నేను ముందు చేతిలో పెట్టేది సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు గీసుకుంటే మొహానికి, మెడకు సరిపోతుంది. ఎండలో తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మే నెలలో మా ఊళ్లో బండి మీద తిరిగే కుర్రాళ్లు "చెమటకు జిడ్డు కారుతుందన్నా" అంటారు. జెల్ రకం తీసుకుంటే ఆ గొడవుండదు.

కొత్త మొటిమలు ఆగకపోతే మచ్చలకు ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే. ఇక్కడ ఎక్కువగా పనికొచ్చేది అడాపలీన్ 0.1 శాతం జెల్. రాత్రి మొహం కడిగి, బాగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పలచగా రాయాలి. మొటిమ మీద చుక్కలా పెట్టేది కాదిది. మొదట్లో చర్మం పొట్టు లేస్తుంది, చురచురమంటుంది, మొటిమలు కాస్త పెరిగినట్టూ ఉంటుంది. పదో రోజుకే "పడలేదన్నా" అని వాపసు తెచ్చేవాళ్లు ఎందరో! రోజు మార్చి రోజు రాసి, పైన మాయిశ్చరైజర్ పెట్టుకుని 12 వారాలు ఓపిక పట్టాలి. గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. వాళ్లకు సాధారణంగా అజెలాయిక్ యాసిడ్ ఇస్తారు, అది మచ్చలకూ పనికొస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతం చాలు. శాతం పెరిగితే మంట పెరుగుతుంది తప్ప గుణం పెద్దగా పెరగదు. పైగా అది బట్టల రంగు తినేస్తుంది. మా ఆవిడ మెరూన్ దిండు గలీబుల మీద తెల్ల మరకలు ఇప్పటికీ ఉన్నాయి, నా మీద కేసూ ఉంది.

ఇక చెప్పడానికి నోరు రానిది చెప్తాను. స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన క్రీములుంటాయి. పది రోజుల్లో మొహం తేటబడుతుంది, మొటిమ అణిగిపోతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. షాపు పెట్టిన కొత్తలో అడిగినవాళ్లకల్లా అమ్మాను, మా అక్క కూతురికీ ఇచ్చాను. నాలుగు నెలలు రాసి ఆపేసరికి ఆ పిల్ల మొహం ఎర్రగా మండిపోయింది, బుగ్గల మీద సన్నని రక్తనాళాలు తేలాయి, మొటిమలు రెట్టింపయ్యాయి. డిగ్రీ ఫేర్‌వెల్ ఫొటోల్లో చున్నీ కప్పుకునే ఉంటుంది. ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని ఉందేమో చూడండి, అవన్నీ స్టెరాయిడ్లే. నెలల తరబడి రాస్తున్నారా? హఠాత్తుగా ఆపకుండా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిమ్మరసం, టూత్‌పేస్ట్ గురించి అడగొద్దు. కాలిన మచ్చ అదనం.

లోపల గడ్డకట్టి సలిపే పెద్ద మొటిమను నొక్కితే చీము బయటికి రావడానికి బదులు లోపలికి చిట్లుతుంది. గుంటలు పడేది అలాగే. అలాంటివి పదేపదే వస్తుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. ఐసోట్రెటినాయిన్ బిళ్లలు అవసరమా అన్నది ఆయనే తేలుస్తారు. అవి వాడేటప్పుడు గర్భం రాకూడదు, బిడ్డకు చాలా ప్రమాదం.

పడిపోయిన గుంటను ఏ ట్యూబూ పూడ్చదు. కింద పట్టేసిన పోగులను సూదితో తెంపడం సబ్‌సిషన్. సన్నని లోతు గుంటల్లో పుల్లతో టీసీఏ అనే ఘాటైన యాసిడ్ చుక్క పెడతారు. సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్, లేజర్ మిగతావాటికి. సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య నెల పైనే పడుతుంది. లేజర్ చేయించుకునే ముందు "నా రంగు చర్మానికి నలుపు తేలితే ఏం చేస్తారు?" అని అడగండి. ఆన్‌లైన్లో దొరికే ముళ్ల రోలర్ తెచ్చి ఇంట్లో దొర్లించొద్దు. ఛాతీ మీద, భుజాల మీద మచ్చలు ఉబ్బి గట్టిపడే తత్వం ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

నేను హైదరాబాద్ వెళ్లి నాలుగు సిట్టింగులు చేయించుకున్నాను. టార్చి వేస్తే ఎడమ బుగ్గ మీద నీడలు సగానికి తగ్గాయి. కుడి బుగ్గకు సబ్‌సిషన్ మిగిలే ఉంది, ఎండలు తగ్గాక వెళ్లాలి.